నాగపూర్ దారిలో వేడిగాలి

బొగ్గు గనిలో పైకప్పు కూలి మెడ ఎముక విరిగి కాళ్ళూ చేతులూ పడిపోయిన నాటినుంచి ధనరాజ్ ఒంటికి చెమట పట్టడం మానేసింది. ఇక ఆ శరీరం తనంతట తాను చల్లబడలేదని, ఎండదెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. చంద్రపూర్‌లో ఉంటూ ఎండ తగలకుండా బతకడం ఎలాగో మాత్రం ఆయన చెప్పలేదు.

పరిహారం డబ్బులోంచి అతని భార్య సుషమ ఒక పాత కారు కొన్నది. రంగు చూడలేదు, టైర్లు చూడలేదు. ఏసీ బాగుందా అని మాత్రం నాలుగుసార్లు అడిగింది. ప్రతి మంగళవారం నాగపూర్‌లో అతనికి వ్యాయామ చికిత్స. బస్సు డ్రైవరుగా రిటైరై పక్కింట్లో ఊరికే కూర్చున్న నేను కారు నడిపేవాణ్ణి. రెండేళ్ళు తిరిగాక ధనరాజ్ కుడిచేతి వేళ్ళు రెండు కదిలాయి. చపాతీ ముక్క తనే నోట్లో పెట్టుకున్న రోజున సుషమ వీధంతా దూద్‌పేడాలు పంచింది.

ఆ ఏప్రిల్‌లో ఏసీ చల్లదనం తగ్గింది. బబన్ అనే మెకానిక్ గ్యాస్ నింపాడు. పది రోజులకు మళ్ళీ అదే వరస. ఈసారి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి, కూలింగ్ కాయిల్‌కు చిల్లు పడిందని కొత్తది వేశాడు. పద్నాలుగు వేలయింది. పుండ్లు పడకుండా ధనరాజ్‌కు గాలిపరుపు కొందామని దాచిన డబ్బది. సుషమ అందులోంచే తీసి ఇచ్చేసింది.

మే రెండో మంగళవారం జామ్ అనే ఊరి చౌరస్తా దాటగానే బానెట్ కింద కీచుమని చప్పుడైంది. ఆ వెంటనే ఏసీలోంచి వేడిగాలి కొట్టింది. అద్దాలు దించితే బయటి గాలి అంతకన్నా వేడి. ధనరాజ్ మొహం కందిపోయింది, మాట తడబడింది. చెరకురసం బండి దగ్గర ఆపి, ఉన్న ఐసంతా కొని అతని చంకల్లో, మెడచుట్టూ పెట్టాం. సుషమ కొంగు తడిపి విసురుతూనే ఉంది. గంటకు గానీ అతను మమ్మల్ని గుర్తుపట్టలేదు. పొద్దు వాలేదాకా ఆ బండివాడి పందిరి కిందే ఉండి వెనక్కి తిరిగాం.

కంప్రెసర్ పట్టేసిందని, లోపల అరిగిన లోహపు రజను పైపులన్నిటిలోకీ పాకిందని బబన్ తేల్చాడు. అన్నీ మార్చాలట.

"యాభై రెండు వేలవుతుంది తాయీ. నా కూలి వదిలేసే చెబుతున్నా. ఈ బండి అమ్మినా అంత రాదు."

"మొన్న వేసిన కాయిల్?"

"అదీ పోయింది."

సుషమ ఆ విప్పిన సామానులోంచి కొత్త కాయిల్‌ను చేతిలోకి తీసుకుంది. "మొన్ననే చెప్పుంటే ఆ డబ్బన్నా మిగిలేది కదయ్యా" అంది మెల్లగా. బబన్ తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు. మోసగాడు కాడు. అతనికీ తెలియలేదు, అంతే.

అద్దె ఏసీ కారుకు ఒక్క రాకపోకకే ఐదు వేలడిగారు. తెల్లవారకముందే మా కారులోనే బయల్దేరి చూశాం. తిరుగు ప్రయాణం ఎండలో కుదరదు కాబట్టి ఆసుపత్రి వరండాలో బల్లమీద సాయంత్రం దాకా అతన్ని పడుకోబెట్టేవాళ్ళం. అలా రెండు వారాలు చేసేసరికి నడుము కింద పుండు పడింది. దానికి కట్టుకట్టిన డాక్టరు, ఇక కూర్చోబెట్టొద్దన్నాడు.

"వానలు పడనీ, మళ్ళీ పోదాం" అంది సుషమ.

"అప్పటికి ఈ వేళ్ళుండవు" అన్నాడు ధనరాజ్. కోపం లేదు ఆ గొంతులో. వాన ఎప్పుడొస్తుందో చెప్పినట్టే చెప్పాడు.

అన్నట్టే అయింది. జూన్ చివర వానలు దిగేనాటికి పుండు లోతుకు పోయింది, వేళ్ళు పిడికిలిగా ముడుచుకుపోయాయి. సుషమ రోజూ నూనె రాసి విప్పేది. చెయ్యి వదలగానే అవి మళ్ళీ ముడుచుకునేవి. నాగపూర్‌కు ఫోన్ చేస్తే, ఇన్నాళ్ళు ఆపాక మళ్ళీ మొదటికే వచ్చినట్టని, ఈసారి అంతైనా వస్తుందని చెప్పలేమని అన్నారు.

జూలైలో కారును ఉల్లిగడ్డల వ్యాపారికి నలభై ఐదు వేలకిచ్చేశాం. ఏసీ పనిచేయదని ముందే చెప్పాను. నా ఉల్లిగడ్డలకు ఏసీ ఎందుకు దాదా, అని అతను నవ్వాడు. సుషమ తాళాలిచ్చి, కారు మలుపు తిరగకముందే లోపలికి వెళ్ళి ధనరాజ్ దుప్పట్లు ఉతకడం మొదలుపెట్టింది.

నేను మంచం దగ్గర కూర్చున్నాను.

"ఏడ్చిందా దాదా?" అని అడిగాడు ధనరాజ్.

"లేదు."

"ఏడిస్తే బాగుండేది" అని కళ్ళు మూసుకున్నాడు.