లంకారాయ్ పిలిచిన పని

మేం కొండ దిగి వచ్చేసరికి లంకారాయ్ అత్త ఇల్లు లేదు. బూడిద ఉంది. ఆ బూడిద నడుమ, ఆమె పొయ్యి ఉండే చోట, జెండా కర్ర పాతి ఉంది. చుట్టూ మేకులు కొట్టి తాళ్లు లాగారు. ఇటొక వీధి, అటొక వీధి, మధ్యలో చౌరస్తా. కోసుకు తిన్న మా గొర్రెల బొమికలు ఏటి ఒడ్డున పడున్నాయి.

అత్త గుర్రం దిగలేదు. వెనక మా ఎద్దుల మీద పెవెన్ గింజల బస్తాలు, వాటి వెనక మా వాళ్లంతా.

"ఎవడ్రా నా పొయ్యిల కట్టె పాతింది?" అని అరిచింది అత్త.

గుడ్డ పందిరి కింద కుర్చీలో కూర్చున్న సర్కారు సైన్యం కెప్టెన్ లేచాడు. ఉప్పు బేరాలకు తిరిగిన మనిషి కాబట్టి అత్తకు వాళ్ల భాష వచ్చు. నాకూ ఆమె దగ్గరే అబ్బింది.

"ఇది ఖాళీ నేల. మేం వచ్చినప్పుడు ఇక్కడ పురుగు కూడా లేదు. ఇకనుంచి దీని పేరు సాన్ లియాండ్రో," అన్నాడు కెప్టెన్.

ఖాళీ నేలట! పిల్లలూ, మీ బడి పుస్తకంలో ఉన్నది ఆ ముక్కే. నా వెనక ఈ పాలరాతి మీద చెక్కించిందీ ఆ ముక్కే. అసలు జరిగిందేమిటో చెబుతాను, వినండి. రంపం మిల్లు తమ్ముళ్లూ, మీరూ వినండి.

ఆకులు రాలే కాలంలో మా వాళ్లలో ఒక్కరూ ఇంటి దగ్గర ఉండరు. ముసలీ ముతకా, చంకలో పిల్లలూ అందరం కొండ మీదికే. పెవెన్ చెట్ల గింజలు ఏరుకుని దిగితేనే చలికాలం గడుస్తుంది. మా ఇళ్లకు తాళాలు లేవు. పోతూ పోతూ గుమ్మం పక్కన గోధుమ కల్లు కుండ నిండా పోసి పెట్టి పోతాం. దారిన పోయేవాడికి దప్పికైతే తాగుతాడని. మా తాతముత్తాతల నుంచీ ఇంతే. సర్కారు కొలతగాళ్లు వచ్చారు, ఆ కల్లు అడుగంటా తాగారు, మూతి తుడుచుకుని ఇక్కడ మనుషులు లేరు అన్నారు! మనుషులు లేని ఇంట్లో కల్లు ఎవడు కాచాడ్రా? మీ తాత దిగొచ్చి కాచాడా?

ఇల్లు పోతే మళ్లీ కట్టుకుంటాం. గడ్డీ గుంజలే కదా. అత్త అంత కేక పెట్టింది ఇంటికోసం కాదు. ఆమె పెరట్లో, ఇప్పుడు చౌరస్తా అంటున్న ఆ మట్టి కింద, విత్తనపు ఆలుగడ్డల గోతులున్నాయి. ఒక్క ఆమెవే కాదు, మా అందరివీ. ఎత్తు నేల, నీరు నిలవదని అందరం అక్కడే దాచేవాళ్లం. ఆ విత్తనం వసంతంలో మట్టిలో పడకపోతే వచ్చే చలికాలానికి మా వాళ్లెవరూ మిగలరు. కెప్టెన్ తుపాకుల కాపలా పెట్టాడు. అడ్డం పోయిన మా బాబాయిని తుపాకీ మడమతో కొట్టి పళ్లు రాలగొట్టారు.

ఆ చలికాలం రాళ్ల గుట్ట మీద బతికాం. బతికామనకూడదు, ఈడ్చాం. పెవెన్ గింజలు ఉడకబెట్టుకుని, ఆ నీళ్లు కూడా తాగి. చంటిపిల్లలు కొందరు పోయారు. కింద సుత్తి చప్పుళ్లు వినపడేవి. కొట్టు లేచింది, చర్చి లేచింది, జైలు లేచింది. ముందు లేచింది జైలే అనుకోండి.

చలి విరిగాక మా పెద్ద వెంచులావ్ అందర్నీ పిలిచాడు. పొగలో కూర్చున్నాం. ఆయన ఒంటి మీద కెప్టెన్ ఇచ్చిన సైన్యం కోటు, ఇత్తడి గుండీలు.

"కెప్టెన్ తోని మాట్లాడిన. ఈ గుట్ట మనకే రాసిస్తడట. కింది నేల ఊసెత్తొద్దన్నడు. వాళ్ల దగ్గర తుపాకులున్నయి. మన దగ్గర ఏమున్నది?" అన్నాడు.

"గుండీలున్నయి గద, నీ దగ్గర," అంది అత్త.

నవ్వారు. ఎన్నాళ్లకో విన్నాను ఆ నవ్వు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి! రేపు పీనుగులు లెస్తె నన్నే అంటరు. ఈ గుట్ట మీద ఏదో ఒకటి పండించుకుందాం."

"ఏం పండుతయి పెద్దయ్యా, రాళ్లా? నువ్వు పండించు, నేను వండి పెడత. మొదటి ముద్ద నువ్వే తినాలె."

ఒక కుర్రాడు లేచి ఈటెలు తీద్దామన్నాడు. రాత్రికి దిగి కాపలావాళ్లను పొడుద్దామన్నాడు. అత్త వాణ్ని కూర్చోబెట్టింది.

"దొంగలెక్క రాత్రి ఎందుకురా పోవుడు? దొంగలు వాళ్లు. మనం పట్టపగలే పోదాం, ఎడ్లు కట్టుకొని పోదాం. నా చేను నేను దున్నుకుంట. నేను పని పిలుస్తున్న. వచ్చెటోళ్లు రాండ్రి."

మా దాంట్లో పని పిలవడమంటే చిన్న మాట కాదు. పిలిస్తే అన్ని ఇళ్లూ కదలాలి. పగ ఉన్నవాడైనా రావాలి. పని అయ్యాక పిలిచిన మనిషి తన చేత్తో అందరికీ పెట్టాలి. ఆ తిండి తినకుండా చేనులోంచి పోతే ఆ పంట పంట కాదు, ఆ పొత్తు పొత్తు కాదు. అత్త చేతిలో అప్పుడు గింజ లేదు. ఏం పెడుతుందో ఎవరికీ తెలియదు. అయినా పిలిచింది.

"ఏం పెడ్తవే?" అంది వెంచులావ్ భార్య.

"గోతులల్ల విత్తనం పోంగ మిగిలిన గడ్డలు కాల్చి పెడ్త. మిగలకపోతే నా తలకాయ వండి పెడ్త. వస్తవా, రావా?"

"వస్తనే తల్లీ, తిట్టకు."

మేం దిగిన రోజు సాన్ లియాండ్రోకు పండగ. ఊరు పుట్టిందని గవర్నరు వస్తున్నాడట. కుర్చీలు, బ్యాండు మేళం, గొడుగుల కింద దొరసానులు. ఈ చౌరస్తాలోనే. మేం అన్ని దిక్కుల నుంచీ వచ్చాం. ముందు కొమ్ము బూర ఊదేవాళ్లు, వెనక ఎద్దులు, నాగళ్లు, గునపాలు పట్టిన ఆడవాళ్లు. ఈటె ఒక్కటి లేదు. వాళ్ల బ్యాండు మా బూరల చప్పుడులో కలిసిపోయి ఆగిపోయింది. బహుశా వాళ్లు మమ్మల్ని కూడా వేడుక అనుకున్నారు. ఒక దొరసాని చప్పట్లు కొట్టింది కూడా!

అత్త నేరుగా పోయి జెండా కర్ర పక్కన మొదటి గోతి మీద గునపం వేసింది. మట్టి తీసింది, గడ్డి తీసింది. కింద గడ్డలు, మొలకలు వచ్చి, ఎర్రగా, బతికి ఉన్నాయి. మా ఆడవాళ్లు ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

"ఏమిటిది? ఇది చౌరస్తా!" అని కెప్టెన్ ఉరికొచ్చాడు.

"నీకు చౌరస్తా. నాకు ఆలుగడ్డ చేను. పక్కకు జరుగు, ఎద్దు తొక్కుతది," అంది అత్త.

కాంట్రాక్టరు ఎమెటేరియో తన కూలీలను కేకేశాడు. ఊరంతా కట్టింది వాళ్లే. ఉత్తరం నుంచి తోలుకొచ్చిన బీదవాళ్లు, కాళ్లకు చెప్పుల్లేనివాళ్లు. తలా ఒక ఇంటి స్థలం ఇస్తామని తెచ్చి, చలికాలమంతా గోధుమ పిండి గంజి పోసి పని చేయించుకుంటున్నాడు. "పూడ్చండ్రా ఆ గోతులు! తరమండి ఈ అడివి ముం...లను!" అన్నాడు. పారలు పట్టుకుని వచ్చారు వాళ్లు. మా మీదికి రాబోతున్నది మా లాంటి ఆకలే అని నాకప్పుడు తెలియదు.

ముందున్నవాడు బెలిసారియో. ఎముకల పోగు. అత్త దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"ఈ ఇల్లు నీదేనా అమ్మా?"

"ఇల్లేదిరా? కాలవెట్టిన్రు గద."

"గుమ్మం దగ్గర కల్లు కుండ... కొలతగాళ్ల సామాను మోసుకొచ్చింది మేమే. మేమూ తాగాం."

అత్త అతన్ని కింది నుంచి పైకి చూసింది. తిడుతుందనుకున్నాను.

"మంచిగున్నదా?"

"చాలా బాగుందమ్మా."

"దప్పికైనోని కోసమే పెట్టిన. తాగినవు గద, ఇగ దున్ను. నాగలి ఖాళీగున్నది."

బెలిసారియో వెనక్కి తిరిగి తన వాళ్లను చూశాడు. ఎమెటేరియోను చూశాడు. "మాకిస్తానన్న స్థలాలేవండీ దోన్ ఎమెటేరియో? ముందు అది చెప్పండి!" అని గట్టిగా అడిగాడు. ఎమెటేరియో కొరడా ఎత్తాడు. బెలిసారియో పార అవతల పడేసి నాగలి పట్టాడు. ఒకడి తర్వాత ఒకడు వచ్చారు. వింకాలు, అంటే మా నేల దోచినవాళ్లు, అని మేం పిలిచే జాతి మనుషులు మా చాళ్లలో మా ఆడవాళ్ల పక్కన వంగి గడ్డలు నాటారు. నాటడం రాదు వెధవలకు, మొలక కిందికి పెట్టారు. మా అమ్మ వాళ్ల చేతుల మీద కొట్టి నేర్పింది.

గవర్నరు బండి దిగకుండానే వెనక్కి పోయాడు. పొద్దు వాలేసరికి చౌరస్తా అంతా చాళ్లు. అప్పుడు దగ్గర్లోని సైన్యం కోట నుంచి సిపాయిలు వచ్చారు. గాలిలో కాల్చారు. మేం కదల్లేదు. మా ఎద్దును కాల్చారు. అది చాల్లోనే కూలింది. తర్వాత అత్తను పట్టుకుని చేతులు వెనక్కి విరిచి కట్టారు.

"ఆగుండ్రి! వీళ్లకింక నేను తిండి పెట్టలే! పెట్టకుంట ఎట్ల పోత?" అని గింజుకుంది అత్త.

సిపాయిలు నవ్వారు. జైల్లోకి నెట్టి తలుపేశారు.

అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, మేం కూర్చున్నాం. మట్టి చేతులతో, చాళ్ల మధ్య. పిలిచిన మనిషి పెట్టలేదు, ఎట్లా లేస్తాం? కూలీలు కూడా మమ్మల్ని చూసి కూర్చున్నారు. కెప్టెన్ తిట్టాడు, తన్నించాడు. లాగి పడేసిన మనిషి మళ్లీ వచ్చి తన చోట కూర్చున్నాడు.

తెల్లారింది. ఈ మొండితనం ఏమిటని కెప్టెన్ వెంచులావ్‌ను పిలిపించి అడిగాడు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కెప్టెన్ పగలబడి నవ్వాడు. "ఇంతేనా? పెట్టండి వీళ్లకు!" అన్నాడు. కోట నుంచి రొట్టెలు వచ్చాయి. కాల్చిన మాంసం వచ్చింది. మా ముందే పెట్టారు. ఆ వాసన! చలికాలం అంతా గింజల నీళ్లు తాగిన కడుపులు మావి. పిల్లలు చేతులు చాచారు. తల్లులు ఆ చేతులు పట్టుకుని ఏడ్చారు.

ఒక్కరూ ముట్టలేదు. బెలిసారియో తన ముందు పెట్టిన రొట్టెను సిపాయి బూటు దగ్గరికి జరిపాడు. "మమ్మల్ని పిలిచింది ఆ అమ్మ. ఆమె పెడితే తింటాం," అన్నాడు.

అప్పుడు వెంచులావ్ వచ్చాడు. ఇత్తడి గుండీల కోటు విప్పి మడిచి కెప్టెన్ కుర్చీ మీద పెట్టాడు. ఒట్టి ఒంటితో చలిలో వచ్చి చివరి చాల్లో కూర్చున్నాడు. "నేను నిన్న పని చెయ్యలే. కూసోవచ్చా?" అని మా అమ్మను అడిగాడు. "జరగండ్రి, పెద్దయ్యకు జాగియ్యండ్రి," అంది అమ్మ.

కెప్టెన్ ముఖం మాడిపోయింది. ఆమె ఉంటే వీళ్లు లేవరని అత్తను బండెక్కించాడు. సముద్రం ఒడ్డు జైలుకు. బండి మా మధ్య నుంచే పోవాలి. వెంచులావ్ భార్య నా భుజం ఊపింది. "నువ్వు మేనకోడలివి. ఆమె బదులు నువ్వు పెట్టు బిడ్డా. గడ్డలు మిగిలినయి, కాల్చి పెట్టు. పిల్లలు చస్తున్నరు." అందరూ నా వైపు చూశారు. నేను పెడితే చాలు, పని ముగిసినట్టే. అందరూ తిని లేచి పోవచ్చు. నేను లేచి గడ్డలు తట్టలో వేసుకున్నాను.

బండి లోంచి అత్త చూసి నా పేరు పెట్టి అరిచింది.

"అంతూ! నువ్వు పెట్టకు! ముట్టుకోకు వాటిని! నేనొచ్చేదాక ఎవ్వరికీ పెట్టకు! పని కాలే, ఇంక పని కాలే!"

బండి తోలారు. నేను తట్ట కింద పెట్టాను. ఆమె పెట్టేదాకా పని ముగియదు, పని ముగిసేదాకా ఆ చేను మాదే.

అత్త తిరిగి రాలేదు. జైల్లో దగ్గి దగ్గి చచ్చిపోయిందని ఒక నావికుడు చెప్పాడు. శవాన్ని ఎక్కడ పూడ్చారో ఈనాటికీ తెలియదు. మమ్మల్ని తరిమేసి మా చాళ్లను గుర్రాలతో తొక్కించారు. గుట్ట మీద పిడికెడు విత్తనం దాచి, కూలీలూ మేమూ కలిసి పండించుకుని బతికాం. బెలిసారియోనే నేను పెళ్లాడాను. రంపం మిల్లులో మొదటి సంఘం పెట్టి, ఆ మిల్లు గేటు దగ్గరే తూటా తిని పోయాడు.

ఏటా ఈ రోజు సాన్ లియాండ్రో తన పుట్టుక పండగ చేసుకుంటుంది. ఏటా ఈ రోజు మేం వచ్చి ఇక్కడ కూర్చుంటాం. నాలుగేళ్ల కిందట మిల్లు తమ్ముళ్లు వచ్చి కూర్చున్నారు, నిరుడు మీరు విద్యార్థులు వచ్చారు. ఈ ఏడు కింది నేల తిరిగి ఇవ్వమని, మిల్లులో పని గంటలు తగ్గించమని కలిసి అడుగుతున్నాం. అదిగో, ఈసారి మున్సిపాలిటీ బండి కూడా వచ్చింది. రొట్టెలు, కాల్చిన మాంసం. వాటి వెనకే పోలీసులు. పొద్దుటి నుంచి మీ కడుపులు ఖాళీ అని నాకు తెలుసు, పిల్లలూ. నాదీ ఖాళీయే.

ఆఫీసరు గారూ, అట్లా అరవకండి, నాకు చెముడు లేదు. ఎందుకు లేవరని అడుగుతున్నారా? ఈ చేను మేం దున్నాం, విత్తాం. పిలిచిన మనిషిని మీరు తీసుకుపోయారు. ఆమె వచ్చి పెట్టాలి. అందాకా ఇంతే. కొట్టడం మొదలుపెట్టాలనుకుంటే ముందు వరసలో నేనున్నాను, నా నుంచే మొదలుపెట్టండి.