చలికాలంలో కొప్పు పిట్ట

పిట్టల్ని చూడడానికి అతిథులు వచ్చి దిగే మా ఫారంలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఇక్కడ కనిపించిన ప్రతి పిట్టనూ పెద్దాయన అందులో ఎక్కిస్తారు. ఫారం ఆయనదే, పుస్తకం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. దానికి రెండే నియమాలు. ఇద్దరు చూస్తేనో, వింటేనో తప్ప పిట్ట పుస్తకంలోకి ఎక్కదు. ఒకసారి ఎక్కితే కొట్టివేత లేదు. నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. అయినా అందులో నా సంతకం పదకొండు చోట్ల ఉంది. దుప్పట్లు ఆరేసే మనిషి ఆకాశం కిందే ఉంటుంది కదా, ఆమెకు కనిపించక ఎవరికి కనిపిస్తాయి అంటారు ఆయన.

అతిథుల గదులు ఊడ్చడం, దుప్పట్లు ఉతకడం నా పని. మా ఆయన గుర్రాలనూ కంచెలనూ చూసుకుంటాడు. మా పాప బట్టల బుట్టలో కూర్చుని నన్ను చూసుకుంటుంది. ఎక్కడికైనా బుట్టలోనే మోయించుకుంటుందని వంటక్క దానికి దొరసాని అని పేరు పెట్టింది.

ఎండలు మొదలవుతుండగా కొప్పు పిట్టల జంట ఒకటి వచ్చి, ఉతికే గది గోడ కన్నంలో కాపురం పెట్టింది. గోధుమరంగు ఒళ్లు, రెక్కల మీద నలుపూ తెలుపూ చారలు, తల మీద విసనకర్రలా విచ్చుకునే కొప్పు. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదినట్టు, "ఉప్... ఉప్... ఉప్" అని పిలుస్తాయి. దొరసాని ఆ గోడ ముందునుంచి కదిలితే ఒట్టు. పిల్లలు ఎగిరిపోయేదాకా చూసింది. వానలు పడ్డాయి, చెరువు నిండి కొంగలు దిగాయి. వానలు తగ్గేసరికి కొప్పు పిట్టలు వెళ్లిపోయాయి. దొరసాని ఖాళీ కన్నం కేసి చూస్తూ అలాగే కూర్చుంది.

అప్పటికి దానికి రెండున్నరేళ్లు దాటాయి. నోట్లోంచి ఒక్క మాట లేదు.

"మూడు నిండేలోపు మాట రాకపోతే పట్నం తీసుకెళ్లి చెవులు చూపించమ్మా," అంది టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మ.

చెవులు అన్న మాట నా గుండెలో రాయిలా పడింది. ఆ రోజునుంచి దాని వెనక గిన్నెల మూతలు పడేసి చూడడం మొదలుపెట్టాను. తిరిగి చూస్తే ఆ పూట నాకు ముద్ద దిగేది. చూడకపోతే లేదు. ఎక్కువసార్లు చూసేది కాదు.

"ఆ మూతలన్నీ సొట్టలు పోయాయి. పిల్ల చెవుల సంగతేమో గానీ నా చెవులు పోతున్నాయి తల్లీ," అంది వంటక్క.

చలి ముదిరింది. చెరువు మీద బాతులు దిగాయి. ఒక పొద్దున నేను లోపల దుప్పట్లు పిండుతుంటే బయట "ఉప్... ఉప్... ఉప్" అని వినిపించింది. బయటికి వచ్చేసరికి ఆగిపోయింది. వంటక్క చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"విన్నావా?"

"విన్నాను."

"నేనూ విన్నా. పద, ఈసారైనా నా సంతకం పుస్తకంలో పడాలి."

పెద్దాయన కళ్లద్దాలు తీసి మమ్మల్ని చూశారు. "ఈ చలిలో కొప్పు పిట్టా? ఇద్దరికీ చెవిలో ఏం దూరిందమ్మా?"

మర్నాడు సగం గడ్డం నురగతోనే పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. ఆయనకూ వినిపించింది. పుస్తకంలో ఎక్కింది: చలికాలం, కొప్పు పిట్ట, గొంతు మాత్రమే. కింద మా ముగ్గురి సంతకాలు. ఇరవై రెండేళ్లలో ఇలాంటిది లేదని తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశారు.

ఆదివారం తొమ్మిదిమంది దిగారు. పొడవాటి కెమెరాలు, బైనాక్యులర్లు పట్టుకుని గోడకు ఎదురుగా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను లోపలే ఉన్నాను. కాసేపటికి వినిపించింది.

ఎవరూ ఫోటో తీయలేదు. ఏమిటా అని తొంగి చూశాను. తొమ్మిది కెమెరాలూ నా బట్టల బుట్ట వైపు తిరిగి ఉన్నాయి. దిండు గలీబుల మధ్య దొరసాని ఒక కాలికే చెప్పుతో నిలబడి ఉంది. మూతి సున్నాలా చుట్టి, ఖాళీ కన్నం కేసి చూస్తూ పిలుస్తోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంత దూరంనుంచి వచ్చినవాళ్లు, పెద్దాయన పరువు, కొట్టివేత లేని పుస్తకం. "క్షమించండి అయ్యగారూ," అంటూ దాన్ని ఎత్తుకోబోయాను.

"ఆగమ్మా," అన్నారాయన. చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా దాని వెనక్కి నడిచారు. పది అడుగుల దూరంలో ఆగి, చాలా మెల్లగా, "ఉప్... ఉప్... ఉప్," అన్నారు.

దొరసాని గిరుక్కున తిరిగింది. ఆయన్ను చూసింది. బదులు పలికింది.



"చెవులకేం లోటు లేదు," అన్నారు పెద్దాయన. "నీ మూతల మోత దానికి నచ్చలేదంతే."

వచ్చినవాళ్లు నవ్వారు, దాంతో పోటీపడి కూశారు. ఆ రోజంతా మా పెరట్లో పదిమంది పెద్ద మనుషులు కొప్పు పిట్టలయ్యారు. పుస్తకంలో పెద్దాయన ఏమీ కొట్టేయలేదు. పక్కన చిన్న అక్షరాలతో చేర్చారు: గొంతు సరిగ్గా ఉంది. రెక్కలు లేవు. ఒక చెప్పు ఉంది, రెండోది వెతకాలి.

అయినా నా మనసు ఊరుకోక పట్నం తీసుకెళ్లాను. డాక్టరమ్మ చూసి చెవులు బాగున్నాయి, దాంతో ఎక్కువ మాట్లాడుతూ ఉండు అంది. మాట్లాడాను. నా నోరు నొప్పెట్టింది గానీ దాని నోరు కదల్లేదు.

ఎండలు మళ్లీ మొదలయ్యాయి. కొప్పు పిట్టలు ఆ గోడకే వచ్చాయి. ఒక పొద్దున కాకి ఒకటి వాటి కన్నం మీద వాలి తొంగి చూసింది. బుట్టలోంచి దొరసాని లేచి, వేలెత్తి, "పో," అంది.

అమ్మ అనలేదు. నాన్న అనలేదు. కాకి మాత్రం ఎగిరిపోయింది.

నేను వంటింటి వైపు పరుగెత్తాను. "అక్కా, తొందరగా రా. ఇద్దరు వింటేనే లెక్క."

వంటక్క గరిటెతోనే వచ్చి నా పక్కన నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు. దొరసాని నడుం మీద చేయి వేసుకుని ఆకాశం కేసి చూస్తోంది. ముగ్గురం కాకి మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాం.