అంచులబ్బాయి

టైపిస్టు కుడికాలి చెప్పు విడిచి, బల్ల కింద ఉన్న పెడలు మీద పాదం ఆనించింది. కాలు నొక్కితే చెవుల్లో మాట నడుస్తుంది, ఎత్తితే ఆగిపోతుంది. అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో మొగుడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నా ఆమె కాలు దానంతటదే పైకి లేస్తుంది. "నేనేమన్నా టేపునటే, ఆపడానికి?" అంటాడు దర్జీ పని చేసే ఆ మొగుడు.

పిల్లలకు పెద్ద జబ్బు చేస్తే కన్నవాళ్ళు గుండె ఎలా దిటవు చేసుకుంటారన్నది ఆ ఆఫీసులో జరిగే పరిశోధన. మనస్తత్వశాస్త్రం చదివిన ఒక అమ్మాయి ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రులతో మాట్లాడి రికార్డు చేసుకొస్తుంది. టైపిస్టు అది విని ఉన్నదున్నట్టు టైపు చేస్తుంది. వెనక నుంచి వినిపించే మాటలు మాత్రం టైపు చెయ్యకూడదు. సరిచూడటం అయిపోగానే రికార్డు చెరిపెయ్యాలి. ఒకరి ఇంటి కన్నీళ్ళు పదిమంది చెవిన పడకూడదు కదా, ఆ రూల్సులో తప్పేమీ లేదు.

ఎవరి గోడు వాళ్ళకు వదిలేసి ఇంటికి పోవడం ఆమెకు బాగానే చేతనవును. ఒక్క పిల్లాడి దగ్గరే ఆ నిబ్బరం పనిచెయ్యలేదు. లారీ డ్రైవరు కొడుకు. తండ్రి తన బాధ చెప్పుకుంటుంటే వాడు వెనక నుంచి గునిశాడు: "అయిపోయిందా నాన్నా? రొట్టె అంచులు నువ్వు తినెయ్, నాకొద్దు." టైపు చెయ్యకపోయినా, ఆమె నోరు కట్టుకోలేక మొగుడికి చెప్పేసింది. పిల్లల్లేని ఆ ఇంట్లో అదొక ఆటై కూర్చుంది. రొట్టె తినేటప్పుడు దర్జీ అంచులు తుంచి ఆమె పళ్ళెంలో పడేసి, మూతి ముడుచుకుని, "నువ్వు తినెయ్, నాకొద్దు" అంటాడు. ఈ వయసులో ఈ వేషాలేమిటని ఆమె కసురుతూనే తినేస్తుంది. 'అంచులబ్బాయి' అని పేరు పెట్టిందీ అతనే.

లారీ డ్రైవరు కొత్త రికార్డు ఇవాళ వస్తుందని ఆమెకు ముందే తెలుసు. "మనవాడు ఏమన్నాడో వచ్చి చెప్పు" అన్నాడు దర్జీ పొద్దున, ఆమె గుమ్మం దాటుతుంటే.

అమ్మాయి ఎప్పటిలా కబుర్లు చెప్పకుండా రికార్డు ఇచ్చి వెళ్ళిపోయింది. టైపిస్టు పెడలు నొక్కింది. కుర్చీ కిర్రుమంది. తండ్రి గొంతు సవరించుకున్నాడు. వాడు ఇప్పుడు అరుస్తాడు, ఇదుగో ఇప్పుడు అనుకుంటూ ఆమె నవ్వడానికి సిద్ధంగా కూర్చుంది. వెనక ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా, ఒకటడగనా?" అన్నాడు తండ్రి. "మీరు మొదటిసారి వచ్చినప్పుడు మావాడు వెనక నుంచి నన్ను విసిగించాడు కదా. అది మీ దగ్గర ఉంటుందా? ఫోన్లో వాడి పాటలూ ఆటలూ అన్నీ ఉన్నాయి. అవన్నీ మేం చెయ్యమంటే చేసినవి. వాడు నా మీద విసుక్కున్నది ఒక్కటీ లేదు. వాడు పోయిన దగ్గర్నుంచీ వాళ్ళమ్మ అదే అడుగుతోంది."

ఆమె కాలు పైకి లేచింది. చాలాసేపు కిందికి దిగలేదు.

తలెత్తి చూస్తే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. "అక్కా, అది ఎక్కడైనా మిగిలిందా?"

"చెరిపేశాను తల్లీ. నా చేత్తోనే."

అమ్మాయి వెళ్ళాక ఆమె మొదటిసారి టైపు చేసిన పేజీలు తెరిచింది. తండ్రి ఏ మాట దగ్గర ఆగాడో, పిల్లాడు ఎక్కడ దూరాడో ఆమెకు బాగా గుర్తు. రూలును గాలికొదిలేసి, ఆ సందుల్లో వాడి మాటలు ఒక్కొక్కటే కొట్టింది. అక్షరాలు వచ్చాయి. గొంతు రాలేదు. ఆ గొంతు నొక్కేసింది తనేనని తోచి, బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, ఆ కాగితాలు తీసుకెళ్ళి అమ్మాయి చేతిలో పెట్టింది. "వాళ్ళకివ్వు. నా దగ్గర ఇంతకంటే లేదు."

సాయంత్రం దర్జీ, చొక్కా నిండా దారప్పోగులతోనే కూర్చుని, రొట్టె అంచులు తుంచి ఆమె పళ్ళెంలో వేశాడు. "నువ్వు తినెయ్, నాకొద్దు. ఏమంటాడే మనవాడు? ఇప్పుడైనా అంచులు తింటున్నాడా?"

"తినేవాడు కాదండీ" అంది ఆమె.

దర్జీ చెయ్యి ఆగిపోయింది. "తినేవాడు కాదా?" అన్నాడు మెల్లగా.

ఆమె తలూపింది. అతను ఆమె పళ్ళెంలోంచి అంచులు తీసుకుని, తిందామని నోటిదాకా తెచ్చి, మళ్ళీ పెట్టేశాడు. ఇద్దరూ చేతులు కడుక్కుని లేచిపోయాక, పళ్ళెంలో ఆ రొట్టె అంచులు అలాగే ఉండిపోయాయి.