రెండు గరిటెలు

ఇంతసేపు తిప్పాలని ఎవరనుకున్నారు, ప్యాకెట్టు గ్రిట్స్, అదే మొక్కజొన్న రవ్వ జావ, అయితే ఈపాటికి తినేసి, గిన్నె కడిగేసి, బస్సు తాళాలు చేతిలోకి తీసుకునేదాన్ని, అయిదు నిమిషాల పని, నీళ్ళు కాగడం, రవ్వ పొయ్యడం, అయిపోయింది, స్కూలు బస్సు నడిపే మనిషికి పొద్దున్నే అంతకన్నా తీరిక ఎక్కడ ఏడ్చింది, ముప్పై ఏళ్ళుగా నేను తింటున్నది అదే, ఈవిడకి మాత్రం ప్యాకెట్టు పనికిరాదట, మిల్లులో తిరగలి రాళ్ళ మధ్య ఆడించిన తెల్ల మొక్కజొన్న రవ్వే కావాలట, నిన్న సాయంత్రమే నానబెట్టించింది, పైకి తేలిన పొట్టు చేత్తో తీసెయ్యమంది, ఉప్పు ముందే నీళ్ళలో వెయ్యమంది, రవ్వ ఉబ్బాక ఎంత పోసినా పైపైనే ఉంటుంది గానీ లోపలికి దిగదట, సరేనండి, సరేనండి అన్నాను అన్నిటికీ, అనకపోతే ఎలా, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి గురువారం ఇంటికొచ్చిన మనిషి, వచ్చిన దగ్గర్నుంచీ నాలుగు చెంచాల సూపు తప్ప ఏమీ ముట్టలేదు, ఇలాగే ఉంటే సోమవారం మళ్ళీ తీసుకురమ్మన్నాడు డాక్టరు, ఈసారి ముక్కులోంచి గొట్టం వేసి పెడతారట, ఎనభై ఒకటేళ్ళ ముసలావిడకి గొట్టమేమిటని నేను రెండు రోజులుగా లోలోపల ఉడికిపోతున్నాను, అలాంటిది నిన్న తనంతట తాను నోరు తెరిచి, గ్రిట్స్ అయితే తింటానేమో అంది, ఆ ఏమో అన్న మాటని పట్టుకుని శనివారం పొద్దున్నే ఇలా పొయ్యి ముందు నిలబడ్డాను, ఏడుంబావుకి మొదలుపెట్టాను, ఇంకా ఉడకలేదు.

గరిటె ఆపకమ్మాయ్ అంటోంది ముందు గదిలోంచి, మంచం మీద పడుకుని నా గరిటె చప్పుడు వింటోందన్నమాట, కళ్ళు పోయాయి, మోకాళ్ళు పోయాయి, చెవులు మాత్రం పాము చెవులు, ఆపలేదండీ అన్నాను, నలభై మూడేళ్ళుగా అండీ అనే అంటున్నాను, మిస్ ఓజెల్ అనే పిలుస్తున్నాను, చర్చిలో ముందు వరసలో కూర్చునే ఎవరో పెద్దావిణ్ణి పిలిచినట్టు, ఆవిడ మా నాన్న భార్య, నాకేమవుతుందో చెప్పాల్సిన చోటల్లా నేను అలాగే చెప్పాను, ఆసుపత్రి కాగితం మీద కూడా మా నాన్నగారి భార్య అని రాస్తే అక్కడి పిల్ల తలెత్తి నా వంక చూసింది, నాన్న పోతూ పోతూ, రెనెటా, ఓజెల్‌ని ఒంటరిగా వదిలెయ్యకు అన్నాడు, మాటిచ్చాను, నిలబెట్టుకుంటున్నాను, నాకు మొండితనం ఉంది గానీ మాట తప్పే గుణం లేదు, పాలు ఎప్పుడు పొయ్యాలండీ అని అడిగాను ఇందాక, ఎందుకంటే మిస్ ఓజెల్ గ్రిట్స్ అంటే పాలూ మీగడా కలిపినవే, నాన్న వాటికోసం పడి చచ్చేవాడు, పాలెందుకమ్మాయ్, ఓపిగ్గా తిప్పితే రవ్వే పాలిస్తుంది అంది, నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది, ఆ మాట మా అమ్మది, మా అమ్మ వాష్టి ఒక చేత్తో నడుం పట్టుకుని ఒక చేత్తో తిప్పుతూ అచ్చం ఇలాగే అనేది, ఈవిడ నోటికి ఎలా వచ్చిందో, టూట్సీ అత్త చెప్పి ఉంటుంది, మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు కదా.

టూట్సీ అత్త, మా నాన్న చెల్లెలు, ఆవిడే లేకపోతే నేనేమైపోయేదాన్నో, పదకొండేళ్ళయింది అత్త పోయి, ఈ గిన్నెలో గరిటె తిరుగుతుంటే ఆవిడే గుర్తొస్తోంది, దేవుడు ఆవిణ్ణి చల్లగా చూడాలి, నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది, ఏడాది తిరిగీ తిరక్కుండానే నాన్న మిస్ ఓజెల్‌ని తెచ్చాడు, మొదటి పొద్దున ఆవిడ నా ముందు గ్రిట్స్ పెట్టింది, తెల్లగా, మీగడ తేలుతూ, ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను, మా అమ్మ పాలు పొయ్యదు అన్నాను, నాన్న కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు, ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది, అదీ నాకు ఒళ్ళుమంటే, వెనకేసుకు రమ్మని నిన్నెవరడిగారని, పుస్తకాలు తీసుకుని వీధి గుమ్మంలోంచి తల ఎగరేసుకుంటూ బయటికి నడిచి, మూల తిరిగి అత్త ఇంటికి పోయాను, అత్త రొయ్యల షెడ్డులో రాత్రి షిఫ్టు దిగి అప్పుడే వచ్చింది, ఓ వారం పాటు రొట్టే జామూ పెట్టింది, ఆ తరవాత ఒకరోజు వెళ్ళేసరికి పొయ్యి మీద గిన్నె ఉంది, మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది, అమ్మ గ్రిట్స్, నీళ్ళలో ఉడికి వెన్నలా జారుతున్న అమ్మ గ్రిట్స్, మధ్యలో గుంట చేసి వెన్నముక్క, నేను తింటూ ఏడుస్తూ, ఏడుస్తూ తింటూ రెండు గిన్నెలు లాగించాను, ఆ రోజు నుంచి బడి ముగిసేదాకా, ఎనిమిదేళ్ళు, బడి ఉన్న ప్రతి పొద్దునా నా కడుపు అత్తే నింపింది, రాత్రంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తుంచి, ఆ వాచిన వేళ్ళతో నాకోసం వండింది, ఈ చెయ్యి ఇవాళ గంట తిప్పితేనే భుజం దాకా లాగుతోంది, ఆవిడకి ఎంత లాగి ఉంటుందో, ఎన్నిసార్లు థాంక్స్ చెప్పబోయినా చెప్పనిచ్చేది కాదు, నాకెందుకే చెప్తావు, వేడిగా ఉండగా తిను అనేది, మొహం అటు తిప్పుకుని, అంత నిగర్వి మా అత్త.

ఎనిమిదీ పది, రుచి చూశాను, ఇంకా పంటికి తగులుతోంది, ఇసక నమిలినట్టు, ఇంకో పావుగంట పడుతుందమ్మాయ్, తొందరపడితే పాడవుతుంది అంది ముందు గదిలోంచి, నేను రుచి చూసిన చప్పుడు కూడా వినపడిందేమో, ఉడుకుతున్న రవ్వ చిటుక్కున ఎగిరి మణికట్టు మీద పడింది, చురుక్కుమంది, పళ్ళు బిగించి చల్లనీళ్ళ కింద పెట్టుకున్నాను, అత్త ఇదంతా ఎలా చేసేదో, నేను వెళ్ళేసరికి ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది, ఏడింటికల్లా, బూట్లు విప్పుతూ ఉండేది అత్త, తలకి షెడ్డులో కట్టుకునే గుడ్డ ఇంకా అలాగే ఉండేది, ఆరున్నరకి షిఫ్టు దిగేది, షెడ్డు నుంచి ఇంటికి నడక పది నిమిషాలు, ఆరూ నలభై, నేను ఏడింటికి, ఆరూ నలభై నుంచి ఏడింటి దాకా ఇరవై నిమిషాలు.

ఇరవై నిమిషాల్లో ఈ రవ్వ ఉడకదు, నేను గంట నుంచి తిప్పుతున్నాను, నాకు తెలుసు, ఇవాళే తెలిసింది, యాభై మూడేళ్ళొచ్చాక, ప్యాకెట్లు తిని బతికినదానికి ఎలా తెలుస్తుంది, పోనీ అత్తకి వేరే కిటుకేదైనా ఉందేమో, ముందురోజే వండి పెట్టుకునేదేమో, అలా అయితే గడ్డకట్టిపోతుంది, కోసి వేయించుకోవడానికి తప్ప పనికిరాదు, అత్త ఇంట్లో వండి పెట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు, మరి ఎవరు, ఒక డిసెంబరు పొద్దున గుర్తొస్తోంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, వెచ్చబెట్టుకుందామని అత్త పొయ్యి మీద రెండు చేతులూ ఆనించాను, పొయ్యి ఇనుము చల్లగా మంచులా ఉంది, దాని మీద గిన్నె మాత్రం పొగలు కక్కుతోంది, దళసరి తువ్వాలు చుట్టి ఉంది, గ్యాసు ఆదా చేస్తోంది అత్త అనుకున్నాను, అంతే అనుకున్నాను, ఆ తువ్వాలుకి నీలం చారలు, నీలం చారల తువ్వాళ్ళు మా ఇంట్లోవి, మా పెరడూ అత్త పెరడూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యలో కంచెకి ఒక చెక్క ఊడిపోయిన సందు, మిస్ ఓజెల్ ఇంట్లో వేసుకునే చెప్పులు పొద్దున్నే వెనక మెట్ల మీద తడిసి ఉండేవి, గడ్డిపరకలు అంటుకుని, ఇల్లంతా తడి చేస్తోందని నేను నాన్నకి చాడీలు చెప్పేదాన్ని, గిన్నెలు కడిగే తొట్టి పక్కన ఎప్పుడూ రెండు గరిటెలు ఆరుతూ ఉండేవి, నాన్న ఒక్కడి గ్రిట్స్‌కి రెండు గరిటెలెందుకు, దుబారా మనిషి అని కూడా అన్నాను, ఆవిడకి వినపడేలాగే అన్నాను, ఆవిడ విని గరిటెలు సొరుగులో పెట్టేసుకుంది.

ఉప్పు, ఓరి దేవుడా, ఉప్పు, నేను బడినుంచి రాగానే వంటింట్లోంచి మిస్ ఓజెల్ ఒకే ప్రశ్న అడిగేది, ఇవాళ మీ అత్త గ్రిట్స్‌లో ఉప్పు సరిపోయిందా అమ్మాయ్, ఏం, ఆవిడ వంటకి వంకలు పెట్టడానికా అనుకుని నేను ఒంటికాలి మీద లేచేదాన్ని, సరిపోయింది, మీ వంట కన్నా వెయ్యి రెట్లు నయమండీ అనేదాన్ని, ఒక్కోసారి కోపం మరిచిపోయి చిటికెడు తక్కువైంది అనేదాన్ని, మర్నాడు ఉప్పు సరిగ్గా ఉండేది, ఎప్పుడూ సరిగ్గానే ఉండేది, అత్తకి ఎవరు చెప్పారని ఒక్కసారైనా అడగాలని నాకు తోచలేదు, నేను అత్తని పొగుడుతుంటే నాన్న తన కాఫీలోకి చూస్తూ కూర్చునేవాడు, మిస్ ఓజెల్ నా వైపు వీపు పెట్టి తొట్టి దగ్గర నిలబడేది, ఆ మొదటి వారంలో అత్తా ఈవిడా వెనక మెట్ల మీద కూర్చుని ఉండగా చూశాను కదా, అత్త గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పుతోంది, ఈవిడ అదే పనిగా చూస్తూ తన చెయ్యి కూడా తిప్పుతోంది, అత్త కూడా ఆవిడ వైపు చేరిపోయిందని నేను ఆ రోజంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను, మా అమ్మ చేతి ఒడుపు నేర్చుకుంటోంది ఆవిడ, చచ్చిపోయిన ఆడమనిషి తిప్పే తీరుని, నా కోసం, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఉమ్మేసిన పిల్ల కోసం, అయిదింటికి లేచి, నాన్నకి ఒక గిన్నె, నాకొక గిన్నె, రెండు చేతులా తిప్పుతూ, నేను నిద్ర లేవకముందే మంచు గడ్డిలో పడి గిన్నె మోసుకెళ్ళి ఇంకొకరి పొయ్యి మీద పెట్టి వచ్చి, పేరు కూడా ఇంకొకరికే వదిలేసి, నోట్లో నువ్వుగింజ నానని మా అత్త కూడా ఈ ఒక్కటి ప్రాణం పోయేదాకా దాచిందంటే ఈవిడ ఎంత గట్టిగా బతిమాలుకుని ఉంటుందో, చెప్తే పిల్ల తినడం మానేస్తుందని, నిజమే, మానేసేదాన్నే, నాకెందుకే చెప్తావు అంది అత్త, అది నిగర్వం కాదు, నిజం, ఎనిమిదేళ్ళు నా కడుపులోకి పోయిన ప్రతి ముద్దా ఈవిడ చేతిది, నా ఒళ్ళు ఈవిడ పెంచిన ఒళ్ళు.

మాడు వాసన వస్తోందమ్మాయ్ అంటోంది, లేదండీ, లేదండీ, అడుగంటలేదు, తిప్పుతూనే ఉన్నాను, కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి చాలు, రవ్వ మెత్తబడింది, గరిటెనుంచి దారంలా జారుతోంది, చుక్క పాలు లేకుండా పాలరంగుకి తిరిగింది, గిన్నెలోకి తీసి, మధ్యలో చెంచా వీపుతో గుంట చేసి, వెన్నముక్క పెట్టి ముందు గదిలోకి తీసుకెళ్ళాను, కిటికీలోంచి ఉప్పుకయ్యల మీది గాలి వస్తోంది, తల కింద ఇంకో దిండు పెట్టి లేపి కూర్చోబెట్టాను, ఎంత తేలికైపోయింది మనిషి, భుజం ఎముక నా అరచేతిలోకి వచ్చేసింది, అడగాలనుకున్నాను, ఎందుకు చెప్పలేదని, ఇన్నేళ్ళు ఎలా ఓర్చుకున్నారని, పిలుపు మార్చి పిలవాలని కూడా అనుకున్నాను, తీరా పిలిచేసరికి మిస్ ఓజెల్ అనే వచ్చింది, అలవాటైన నోరు, నెమ్మదిగా తినండి, వేడిగా ఉంది అన్నాను, చెంచా ఊది నోటికి అందించాను, నాలిక మీద అటూ ఇటూ తిప్పుకుంది, మింగింది, గొంతులో ఆ ముద్ద దిగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు, అప్పుడు అడిగాను, ఇవాళ ఉప్పు సరిపోయిందాండీ, మసకబారిన ఆ కళ్ళు నా మొహం మీద ఆగిపోయాయి, ఎందుకడిగానో అర్థమైందని నాకు తెలిసింది, నా చెయ్యి తడుముకుని మణికట్టు మీద కాలిన చోట బొటనవేలు పెట్టి నిమిరింది, చిటికెడు తక్కువైంది అమ్మాయ్ అంది, పెదవి చివర నవ్వు లాంటిదేదో కదిలింది, మళ్ళీ నోరు తెరిచింది, రెండో చెంచా, మూడోది, నాలుగోది, గిన్నె సగానికి వచ్చింది, ఇప్పుడు వేస్తే లోపలికి దిగదు కదండీ, రేపు సరిగ్గా వేస్తాను అన్నాను, రేపు అయిదింటికి లేవాలి, ఎల్లుండి కూడా, గంట తిప్పాలి, ఆవిడ నాకోసం ఎన్ని పొద్దులు లేచిందో అన్ని పొద్దులు నాకు దొరకవు, దొరికినన్ని లేస్తాను.