కరకట్ట మీది ఎత్తు

పొద్దున్నే షెడ్డు తలుపులు తీసి, పన్నెండు సైకిళ్లకీ గాలి కొట్టి, ఒక్కో టైరునీ బొటనవేలితో నొక్కి చూడటం ముందాయన అలవాటు. ఆయనకి సొంత పేరు లేకపోలేదు. కానీ యాత్రకొచ్చినవాళ్లకి దారి చూపిస్తూ ముందు తొక్కేవాడు కాబట్టి ఇరవై ఏళ్లుగా అందరికీ ముందాయనే. అందరికంటే వెనక తొక్కేవాడు తోకాయన. పేర్లు పెట్టడానికి ఇంతకంటే కష్టపడే ఓపిక అక్కడివాళ్లకి లేదు.

యాత్రంటే మరీ పెద్ద ప్రయాణమేం కాదు. ఏటి పక్కన కరకట్ట, దాని మీద బల్లపరుపుగా సాగే దారి. పొద్దున బయల్దేరి, కొంగల్ని చూసుకుంటూ, నీడ కనబడిన చోటల్లా ఆగుతూ, సాయంత్రానికి తిరిగి రావడం. పట్నంవాళ్లు దానికే మురిసిపోతారు. కట్ట పొడవునా పొలాలకి నీళ్లు వదిలే తూములు ఐదున్నాయి. ఒక్కో తూము దగ్గరా ముందాయన "లెక్క!" అని కేకేస్తాడు. ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కరూ ఒక్కసారి బెల్లు కొట్టాలి. ఆఖర్న తోకాయన రెండుసార్లు కొడితే అందరూ ఉన్నట్టు. తల తిప్పక్కర్లేదు, సైకిలు ఆపక్కర్లేదు.

ఆ దారికి ఇంకో గుణముంది. తన తప్పు తీసుకెళ్లి ఇంకొకరి నెత్తిన రుద్దినవాడికి అది ఎత్తుగా ఉంటుంది. మిగతా అందరికీ చదునే. పాలకేంద్రం గుమాస్తా ఆరు నెలల పాటు దాని మీద రొప్పి రొప్పి, చివరికి ఓ రోజు పక్కింటావిడ గడప ముందు నిలబడి చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాడు. మర్నాడు ఈల వేసుకుంటూ పనికి పోయాడు. ఎవరైనా చదును మీద ఆయాసపడుతూ తొక్కుతుంటే, ఎదురొచ్చినవాళ్లు "ఎదురుగాలి గట్టిగా ఉన్నట్టుందే" అని మర్యాదగా పక్కకి తప్పుకుంటారు. ఎందుకని మాత్రం అడగరు. ఎక్కేవాడు తనంతట తను చెప్పుకోవాలి గానీ, ఒకళ్లు అడగడం పద్ధతి కాదు.

ముందాయనకి నాలుగేళ్లుగా ఎదురుగాలే.

ఆ రోజు ఆయన ఇంట్లోంచి బయటికొచ్చేసరికి భార్య ఎప్పట్లాగే నూనెడబ్బా పట్టుకుని సైకిలు చైను దగ్గర కూర్చుని ఉంది.

"తమ్ముడు సోమవారం వెళ్లిపోతున్నాడటండీ," అంది తలెత్తకుండా. "పంక్చర్ల కొట్టు ఎత్తేస్తున్నాడు. ఎక్కడో ఫ్యాక్టరీలో పనట."

"ఊఁ," అన్నాడాయన.

షెడ్డు దగ్గర సైకిళ్ల యజమానురాలు పెద్దమ్మ ఎదురొచ్చింది. "మన పోస్టుమేను మోకాళ్లు ఇక తోక సైకిలు తొక్కలేనంటున్నాయయ్యా. రేపట్నుంచి ఎవర్ని పెట్టమంటావు? నీ వెనకుండే మనిషి, నువ్వు చెప్పినవాణ్ణే పెడతా."

చెప్పాల్సిన పేరు నాలుక చివరే ఉంది. ఆ పేరు చెబితే నాలుగేళ్ల కిందటి మాట పైకొస్తుంది. "సాయంత్రం చెప్తానండీ," అని పంపు తీసుకుని పక్కకి పోయాడు.

అప్పట్లో తోకాయన బావమరిదే. ఓ రోజు యాత్రలో ఒకావిడ సైకిలు చైను ఊడితే, "బావా, నేను ఆగి ఇది సరిచేసుకొస్తా. మూడో తూము దగ్గర లెక్క మర్చిపోకు" అని మరీ చెప్పాడు. అలాగేలే అని ముందాయన సాగిపోయాడు. సరిగ్గా మూడో తూము వచ్చేసరికి ఆయన చేపకి జలుబు చేసిన కథలో ఉన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య లెక్క పిలవబుద్ధి కాలేదు. ఇంకొకావిడ, రిటైరైన టీచరమ్మ, ఎవరూ గమనించకుండా పక్కదారిలో దిగిపోయి, పొలం బురదలో జారి కాలు విరిగి, పొద్దుగూకేదాకా కేకలు వేస్తూ పడి ఉంది. తర్వాత పెద్దమ్మ అడిగితే, ముందాయన కళ్లార్పకుండా అన్నాడు: "లెక్క పిలిచానండీ. బెల్లులన్నీ వినపడ్డాయి. ఆ తర్వాతది తోక మనిషి పూచీ."

బావమరిది ఆయన వంక చూశాడు, గుమ్మంలో నిలబడ్డ అక్క వంక చూశాడు, మెళ్లోని తోక మనిషి ఈల తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచే ముందాయనకి కట్ట లేచింది.

ఆ నాలుగేళ్లలో అక్కాతమ్ముళ్లు కట్ట మీద ఎదురుపడి పలకరించుకోవడమే గానీ, అతను ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఇవాళ యాత్రలో పదిమంది. రెండో తూము దాటగానే బావమరిది కొట్టు వస్తుంది. అక్కడికి రాగానే ముందాయన ఎప్పుడూ అవతల గట్టున కొంగలున్నాయని చూపించి అందరి తలలూ అటు తిప్పేస్తాడు, తనూ తిప్పుకుంటాడు. కొంగలు ఉన్నా లేకపోయినా సరే. ఇవాళా అలాగే దాటించేశాడు. చెమట కళ్లలోకి కారుతోంది. వెనక పిల్లలు పాటలు పాడుకుంటూ తేలిగ్గా తొక్కుతున్నారు.

కళ్లజోడమ్మాయి ఒకతె పక్కకొచ్చి అడిగింది. "ఇన్ని లెక్కలేంటి అంకుల్? ఎప్పుడైనా ఎవరైనా తప్పిపోయారా?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనిదానికి కూడా జవాబిచ్చాడు ముందాయన. "ఒక్కసారేనమ్మా. నా తప్పేం లేదు. వెనకున్నవాడు చూసుకోలేదు. బంధువని పెట్టుకుంటే, వాడో నిద్రమొహంగాడు."

నిద్రమొహం అన్న మాట కొత్తది. నాలుగేళ్ల అబద్ధంలో కూడా లేనిది. అది నోట్లోంచి వచ్చీ రాగానే కట్ట నిట్టనిలువుగా లేచింది.

ముందు చక్రం ఆగింది. పెడలు మీద నిలబడి తొక్కాడు, కదల్లేదు. తర్వాత సైకిలు మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. బ్రేకులు పట్టాడు, అవి కీచుమన్నాయే గానీ ఆగలేదు. చదునుదారి మీద పదిమందీ సైకిళ్లాపి రెండు పక్కలా జరిగి దారిచ్చారు. ముందాయన హ్యాండిలు పట్టుకుని, వాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తూ, వాళ్ల మధ్య నుంచి వెనక్కి జారిపోయాడు. తోకలో ఉన్న పోస్టుమేను టోపీ సర్దుకుని, "ఎదురుగాలి గట్టిగా ఉంది," అని మాత్రం అన్నాడు.

రెండో తూము దగ్గరిదాకా పోయి, బావమరిది పంక్చర్లు చూసుకునే నీళ్లతొట్టిలో వెనక చక్రం దిగబడితే గానీ ఆ జారుడు ఆగలేదు.

బావమరిది ట్యూబు పక్కన పెట్టి లేచాడు. నవ్వలేదు. బావని చెయ్యి పట్టి దింపి, సైకిలు తొట్టిలోంచి లాగి స్టాండేశాడు. ఆ మర్యాద ముందాయనకి చెంపదెబ్బలా తగిలింది. ఈ లోపు యాత్రవాళ్లంతా వెనక్కి తొక్కుకుంటూ వచ్చి చుట్టూ మూగారు.

తల కొట్టేసినట్టయింది ఆయనకి. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. ఆ భూమేమో కాళ్ల కింద ఇంకా ఏటవాలుగానే ఉంది.

"ఇందాక ఈ అమ్మాయికి నీ గురించి చెప్పాను," అన్నాడు. "నిద్రమొహంగాడివన్నాను."

"వినపడలేదులే బావా."

"వినాలి. నేను లెక్క పిలవలేదు. మూడో తూము దగ్గర. నువ్వు చెప్పి కూడా... నవ్వుతున్నారని పిలవలేదు. పిలిచానని పెద్దమ్మతో అబద్ధం చెప్పాను. ఆ టీచరమ్మ కాలు నా వల్ల విరిగింది, నీ వల్ల కాదు." ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "సిగ్గుగా ఉందిరా. రోజూ నీ కొట్టు ముందు మొహం తిప్పుకుని పోయాను చూడు, దానికి ఇంకా సిగ్గుగా ఉంది."

బావమరిది చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "రోజూ కొంగలు కొంగలని అరుస్తుంటే, ఇటు మాత్రం ఎప్పుడు చూస్తావా అనుకునేవాణ్ణి," అన్నాడు. "టీచరమ్మకి చెప్పావా?"

"లేదు. ఇవాళే ఉత్తరం రాస్తా. పెద్దమ్మకి నేనే చెప్తా. నువ్వు ముందుండు. తోకలో నేనొస్తా."

బావమరిది కొట్టుకి తాళం వేశాడు. అతని సైకిలు కొట్టు గోడకి ఆనించి ఉంది, దాన్ని తెచ్చుకుని ముందుకెళ్లాడు. మూడో తూము దగ్గర "లెక్క!" అని కేకేశాడు. బెల్లులు వరసగా మోగాయి. ముందాయన అందరికంటే వెనక ఉండి రెండుసార్లు కొట్టాడు. అయినా బావమరిది సైకిలు ఆపి, దిగి, వెనక్కి తిరిగి, ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. ఆ వేలు తన మీద ఆగినప్పుడు ముందాయన కళ్లు దించుకున్నాడు.

సాయంత్రం పెద్దమ్మ అంతా విని, "మంచిది," అని ఒక్క మాటే అని, సొరుగులోంచి పాత ఈల తీసి బావమరిది చేతిలో పెట్టింది. అది తుప్పు పట్టలేదు. ఎవరో తుడుస్తూ ఉంచినట్టుంది.

దారి చాలామటుకు దిగింది. ఇంటి వైపు మలుపు తిరిగాక మాత్రం ఇంకాస్త ఎత్తు మిగిలే ఉంది. భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నీకో మాట చెప్పాలి," అన్నాడాయన సైకిలు దిగి.

"చెప్పండి. నాలుగేళ్లుగా రోజూ ఆ చైనుకి నూనె వేస్తున్నాను. చదునుదారి తొక్కే మనిషికి అంత నూనె ఎందుకండీ?"

అంటే పెద్దమ్మకీ, పోస్టుమేనుకీ, దారిన పోయే ప్రతివాళ్లకీ తెలుసు. అది దాగిందని అనుకున్నది తనొక్కడే. ముందాయన నిలబడే చెప్పాడు, మొత్తం, నిద్రమొహం మాటతో సహా. ఆవిడ కళ్లు తుడుచుకుని వీధి చివరికి చూసింది.

"వాడు భోజనానికి వస్తున్నాడా?"

"వస్తున్నాడు," అని, తలెత్తకుండానే సైకిలు గోడవారకి లాగి, మెళ్లో ఈలతో మలుపు తిరిగి గుమ్మం ముందుకొచ్చిన బావమరిది లోపలికి వెళ్లడానికి దారిచ్చాడు.