ఎజ్రా టోలండ్ భార్య

స్పెగెటీ ఉడికిందో లేదో చూడటానికి మా అత్తగారు వర్నా ఒక పోగు తీసి గోడకేసి కొడుతుంది. అంటుకుంటే ఉడికినట్టు. తర్వాత ఆ గోడ కడిగేది నేను. ఫుట్‌బాల్ సీజన్ ఉన్నన్నాళ్ళూ ప్రతి గురువారం సాయంత్రం టీమంతా కోచ్ ఇంట్లో భోంచెయ్యడం మా ఊరి ఆచారం. నేను ఈ ఊరికి కాపురానికి రాకముందునుంచీ ఉంది. పాత కోచ్ రిటైరయినప్పుడు ఆయన భార్య, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని గిన్నెలు తెచ్చి మా గరాజ్‌లో దింపి, నా బుగ్గమీద ముద్దుపెట్టి, "ఇక నీ వంతు, హనీ" అని కారెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ ముఖం అంతలా ఎందుకు వెలిగిపోతోందో నాకారోజు అర్థం కాలేదు.

ఆ గురువారం కూడా గరాజ్‌లో నలభైమంది కుర్రాళ్ళు బల్లలు వాయిస్తూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. నేను పొయ్యి దగ్గర ఆవిరిలో తడిసి ముద్దయి ఉన్నాను. మా ఆయన డ్వైట్ వంటింట్లోకి వచ్చి సాస్‌లో బ్రెడ్ ముక్క ముంచుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"రేపు మూడో పీరియడ్‌కి డిట్మర్ వచ్చి కూర్చుంటాడట, నా పాఠం చూడ్డానికి. కాస్త మంచిదేదైనా చూసిపెట్టు కారిన్."

డిట్మర్ మా ప్రిన్సిపాల్. డ్వైటూ నేనూ ఒకే హైస్కూల్లో పదకొండో క్లాసుకి అమెరికా చరిత్ర చెబుతాం. అతను మామూలు సెక్షన్‌కి, నేను అడ్వాన్స్‌డ్ సెక్షన్‌కి. నిజానికి అతను ఫుట్‌బాల్ కోచ్. కోచ్‌ని స్కూల్లో ఉంచుకోవాలంటే ఏదో ఒక క్లాసు అంటగట్టాలి కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోలాగే ఇక్కడా చరిత్ర అంటగట్టారు. లెక్కలు తప్పు చెబితే దొరికిపోతాం, చరిత్ర తప్పు చెబితే ఎవడికి తెలుస్తుందని కాబోలు.

పెళ్ళయిన కొత్తలో "ఈ ఒక్క సీజన్ గట్టెక్కించు చాలు" అన్నాడు. సీజన్ అయ్యాక బరువులెత్తించే శిక్షణ వచ్చింది, అదయ్యాక వేసవి క్యాంపు, ఆ తర్వాత మళ్ళీ సీజన్. ఇప్పుడు అతని క్లాసుకి ప్రశ్నపత్రం రాసేది నేను, పేపర్లు దిద్దేది నేను. ఏ మాట దగ్గర ఆగి పిల్లలవంక చూడాలో కూడా మార్జిన్‌లో రాసిస్తాను. మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ నేను మానేస్తే నష్టపోయేది అతను కాదు, ఆ క్లాసులో కూర్చున్న పిల్లలు. నన్ను కట్టేసిన తాడు అదేనని అతనికి బాగా తెలుసు. ఎప్పుడూ గట్టిగా లాగడు, అలా వదులుగా పట్టుకుని ఉంటాడంతే.

"రేపటికా? ఇప్పుడు చెబితే ఎలా డ్వైట్? నా చేతులు చూడు, ఎలా ఉన్నాయో."

"వాణ్ణి విసిగించకు హనీ, రేపు ఆట పెట్టుకుని" అంది అత్తగారు, గోడకేసి ఇంకో పోగు కొడుతూ. "కోచ్ భార్య అంటే ఊరికే అయిపోతుందా? దేవుడు నీకు పిల్లల్నివ్వకపోతేనేం, నలభైమందినిచ్చాడు."

ఈ మాట ఆవిడ ప్రతి గురువారం అంటుంది. ప్రేమగానే అంటుంది. ప్రేమగా అన్న మాటకి ఎలా కోప్పడాలో నాకెవరూ నేర్పలేదు.

కొత్తగా రాయడానికి సమయం లేదు. నా క్లాసు కోసమని దాచుకున్న పాఠం ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో పెళ్ళయిన ఆడదాని గురించి. పెళ్ళినాటితో చట్టం దృష్టిలో ఆమె ఉండేది కాదు. ఆమె కుట్టిన బట్టల కూలి భర్తది, ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న కుర్చీ భర్తది, ఆమె కన్న బిడ్డ మీద హక్కూ భర్తదే. ఇద్దరూ కలిసి ఒక్కరవుతారు, ఆ ఒక్కరూ ఆయనే. పిల్లలకిదంతా పుస్తకంలో చెబితే ఎక్కదు. అందుకని స్కూలు వెనకున్న పాత స్మశానాన్ని పాఠంలోకి తెచ్చాను. అక్కడ నాచు పట్టిన రాయొకటుంది. పైన పెద్ద అక్షరాల్లో ఎజ్రా టోలండ్ అని, అతని వయసు, ఊరు, అతను యుద్ధంలో ఉన్న దళం. కింద చిన్న అక్షరాల్లో "అతని భార్య." అంతే. పేరు లేదు. "ఒకరోజు వానలో ఒంటరిగా ఆ స్మశానానికి వెళ్ళాను. ఆ రాయి ముందు చాలాసేపు నిలబడి, ఆమెకి పేరు ఆలోచించడానికి ప్రయత్నించాను." పాఠం అలా మొదలవుతుంది.

వెళ్ళిన మాట నిజం. రెండేళ్ళ క్రితం టీమ్ జిల్లా కప్పు గెలిచిన రోజు మా ఇంటినిండా జనం. సోఫాలో జనం, మెట్లమీద జనం, నా మంచంమీద వాళ్ళ కోట్లు. ఆ పొద్దున్నే డాక్టరు పిల్లలమీద ఇక ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. డ్వైట్‌కి ఫోన్ చేస్తే "ఆట అయ్యాక మాట్లాడుకుందాం బేబీ" అన్నాడు. ఆట అయ్యాక పార్టీ. బాత్‌రూమ్‌లో ఏడుద్దామన్నా తలుపు కొట్టేవాళ్ళు తయారు. ఈ ఊళ్ళో టీమ్ తాలూకు మనిషి ఒక్కడూ ఉండని చోటు ఆ స్మశానమే అనిపించి కారేసుకుని వెళ్ళిపోయాను. వాన వస్తోందని దిగాకే తెలిసింది. మర్నాడూ డ్వైట్‌కి ఆ మాట గుర్తు రాలేదు, ఆ తర్వాత నేనూ ఎత్తలేదు.

డ్వైట్ ఫ్రిజ్‌కి ఆనుకుని నేనిచ్చిన పాఠమంతా చదివాడు. నేను స్పెగెటీ వారుస్తూ అతని ముఖంవంకే చూస్తున్నాను. వానలో ఒంటరిగా స్మశానానికి ఎందుకెళ్ళావు, ఎప్పుడెళ్ళావు, అని ఒక్క ముక్క అడుగుతాడేమోనని. అడిగితే ఆ గిన్నె అక్కడే వదిలేసి చెప్పుకునేదాన్నేమో.

"భలే ఉంది! ఆ స్మశానం ముక్క అదిరిపోయింది" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు "కోచ్! కోచ్!" అని అరిచారు.

సోమవారం డిట్మర్ నన్ను తన గదికి పిలిచాడు. మనిషి ముఖం చాటంత చేసుకుని ఉన్నాడు.

"కూర్చో కారిన్. నీ భర్తలో ఇంత ఉందని నాకు తెలీదు సుమా! వానలో ఒక్కడూ ఆ సమాధి ముందు నిలబడ్డానని చెబుతుంటే, ఆ మొద్దు కుర్రాళ్ళు ఊపిరి బిగబట్టి విన్నారనుకో. నాకే కళ్ళు చెమర్చాయి. ఆడవాళ్ళ కష్టం గురించి ఒక ఫుట్‌బాల్ కోచ్ అలా మాట్లాడ్డం..."

"నేను" అని రాశాను కదా, అతను "నేను" అనే చదివాడు. ఎవరు ఏడ్చిన వానలో ఎవరు తడిశారో చూడనైనా లేదు.

"ఇంకో మంచి కబురు. పక్క జిల్లావాళ్ళు డ్వైట్‌ని ఎగరేసుకుపోవాలని చూస్తున్నారు. అందుకని బోర్డు ఆయన్ని చరిత్ర విభాగానికి హెడ్‌ని చేస్తోంది. హెడ్ అన్నాక అడ్వాన్స్‌డ్ క్లాసు ఆయనకివ్వాలి కదా, జనవరినుంచి. నీకు తొమ్మిదో క్లాసు, స్టడీ హాలు కాపలా. నీక్కూడా కాస్త తేలికవుతుంది."

నేను రాకముందు ఆ క్లాసు ఈ స్కూల్లో లేనే లేదు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, మక్కజొన్న కోతల రోజుల్లో తండ్రుల్ని పొలాల్లో పట్టుకుని, "మీ అమ్మాయి చదవగలదు, పంపండి" అని బతిమాలి నేను నిలబెట్టిన క్లాసది. నా బతుకులో నాదని చెప్పుకోగలిగింది అదొక్కటే. ఉన్నమాట చెప్పేశాను:

"ఆ పాఠం రాసింది నేను, మిస్టర్ డిట్మర్."

ఆయన పగలబడి నవ్వాడు. "నా ప్రసంగాలన్నీ దిద్దేది మా ఆవిడే! అదృష్టవంతులమమ్మా మేం."

ఇంటికొచ్చి డ్వైట్‌తో చెప్పాను. అరవలేదు, అరవడం నాకు చేతకాదు. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నీ క్లాసు ఎక్కడికి పోయింది చెప్పు? మనింట్లోనే ఉందిగా! నువ్వు రాస్తావు, నేను చెబుతాను. ఏం మారింది?"

"నిన్ను హెడ్‌ని చేస్తే దానికీ గొప్పేగా" అంది అత్తగారు కొడుకుతో. "నా కాలంలో మా ఆయనకి ప్రమోషనొస్తే నేను కేకు చేశాను."

ఆ రోజు నేను కేకు చెయ్యలేదు. చెయ్యలేదన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు. పడుకుని ఆలోచిస్తే, డ్వైట్ చెడ్డవాడైతే ఎంత బావుండునో అనిపించింది. తాగొచ్చి కొడితే ఊరంతా నావైపుంటుంది. ఇతను టీమ్‌లోని ముగ్గురు కుర్రాళ్ళ తల్లులకి మంచులో దారి తవ్విపెడతాడు, చర్చిలో కుర్చీలు మోస్తాడు, నన్ను బేబీ అంటాడు. నా ఊపిరి ఎక్కడ ఆడటంలేదో చూపించమంటే ఏం చూపించను?

మంగళవారం నా క్లాసులో ఆ పాఠమే వంతుకొచ్చింది. దాటెయ్యొచ్చు, కానీ మే నెల పరీక్షలో అది తప్పకుండా వస్తుంది. చెప్పడం మొదలుపెట్టాను. ఒకరోజు వానలో ఒంటరిగా ఆ స్మశానానికి వెళ్ళాను, అన్నానో లేదో వెనక వరసలో కిసుక్కుమన్నారు. బ్రిన్ చెయ్యెత్తింది. నేను వాళ్ళ నాన్నని పొలంలో బతిమాలి తెచ్చుకున్న పిల్ల. దాని కవల సోదరుడు ట్రేస్ డ్వైట్ క్లాసులో ఉన్నాడు.

"మిసెస్ కోచ్, ఒకటడగనా? మొన్న కోచ్ కూడా ఇదే చెప్పారట. వాన, సమాధి, పేరాలోచించడం, అన్నీ. ట్రేస్ ఇంటికొచ్చి మాకు చెప్పాడు, మా అమ్మయితే ఏడ్చేసింది. మీరిద్దరూ కలిసి వెళ్ళారా?"

"డేటింగ్‌కి స్మశానమేంట్రా బాబూ!" అన్నాడెవడో. క్లాసంతా ఘొల్లుమంది.

"కానీ కోచ్ ఒక్కణ్ణే వెళ్ళానన్నారట" అని బ్రిన్ నా ముఖం చూసి తడబడింది. "అంటే... ఆయన పాఠం మీరు వాడుకున్నా తప్పేం లేదు మిసెస్ కోచ్. మీరూ మీరూ ఒకటేగా."

పాపం, నా మర్యాద కాపాడాలనే అంది. దానికి పదహారేళ్ళు. పెళ్ళయిన ఆడదాని మర్యాద ఎలా కాపాడాలో అప్పుడే నేర్చేసుకుంది.

బల్ల అంచు పట్టుకున్నాను. "అవును, కలిసే వెళ్ళాం" అంటే సరిపోతుంది. నవ్వేసి ముందుకెళ్ళిపోవచ్చు. నిజం చెబితే మధ్యాహ్నం భోజనాలకల్లా క్యాంటీన్‌లో, సాయంత్రానికి పెట్రోల్ బంకులో, ఆదివారం చర్చిలో అదే మాట. సీజన్ చివరి ప్లేఆఫ్ పోటీల ముందు కోచ్ పరువు తీసిన పెళ్ళాం. డిట్మర్ నవ్వడు ఈసారి. జనవరిలో క్లాసు తిరిగివ్వడం మాట అటుంచి, స్టడీ హాలు కాపలా కూడా ఉంటుందో ఊడుతుందో. అత్తగారు ఏడుస్తుంది, నిజంగానే ఏడుస్తుంది. డ్వైట్ మూడో పీరియడ్‌లో నోరు తెరిచి నిలబడతాడు, అతని క్లాసు పిల్లలు నష్టపోతారు, ఆ పాపం నాదే అంటారు. భయమేసింది. కానీ అంతకుమించి సిగ్గేసింది. ఎదురుగా ఈ ఆడపిల్లలు పెన్నులు పట్టుకుని, నేనేమంటే అది రాసుకోవడానికి ఎదురుచూస్తున్నారు. వీళ్ళముందు ఇప్పుడు అబద్ధమాడితే, ఈ పాఠం చెప్పే అర్హత నాకు జనవరిదాకా కూడా లేదు.

"బ్రిన్, ఆ రోజు వానలో వెళ్ళింది నేను. ఒక్కదాన్నే" అన్నాను. "ఏడవడానికి వెళ్ళాను. ఎందుకన్నది నా సొంత సంగతి. ఈ పాఠం నేను రాశాను. కోచ్ చెప్పినవన్నీ నేనే రాశాను, ఇన్నేళ్ళుగా."

బ్రిన్ పెన్ను కింద పెట్టేసింది.

"మరి... కోచ్ ఇక్కడికొచ్చాక మాకెవరు చెబుతారు?" అంది చిన్నగా. ఆ కబురు వీళ్ళదాకా వచ్చేసిందన్నమాట.

"తెలీదమ్మా. నా చేతిలో ఉన్నది నేను చెబుతాను విను. ట్రేస్‌కి రేపు మూడో పీరియడ్‌లో చరిత్ర ఉంది కదా. తర్వాతి పాఠమేమిటో కోచ్‌నే అడగమను. అది నేనింకా రాయలేదు. రాసివ్వను కూడా."