టిక్కు పెట్టిన గడి

స్కూల్లో చేరిన రోజు ఫామ్‌లో "అమెరికన్ ఇండియన్" అనే గడి కనబడగానే పర్సిస్ ఇంకేమీ ఆలోచించలేదు. అమెరికాలో ఉన్న ఇండియన్ తనే కదా! టిక్కు పెట్టేసింది. తణుకు దగ్గరి పల్లెటూరి బడి వదిలి అమెరికాలో క్యారీ అనే ఊరికి వచ్చి అప్పటికి పది రోజులు.

మార్చిలో ఒక సోమవారం ఆమెను లైబ్రరీకి పిలిచారు. అక్కడ ఇంకో ఐదుగురు ఉన్నారు. లేసీ అనే చెరోకీ తెగ అమ్మాయి కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. మిస్ హార్లన్ అనే టీచర్ చెప్పుకుపోతోంది. 1838లో సైనికులు చెరోకీలను ఇళ్ళలోంచి గెంటి, కంచెల మధ్య కుక్కి, ఇప్పటి ఓక్లహోమా దాకా తరిమారు. వేలమంది చనిపోయారు. శనివారం వీళ్ళంతా చెరోకీలు ఒకప్పుడున్న కొండలకు వెళ్ళి, అలా ఇళ్ళు పోగొట్టుకున్న వాళ్ళ పేర్లు పైకి చదవాలి. వ్యాన్‌లో టీచర్ సీటు పోను ఆరు సీట్లే.

"ఒక్క సీటు మిగిలితే మా అమ్మమ్మని తీసుకెళ్దామనుకున్నా," అంది లేసీ గుసగుసగా. "ఆ చదివే పేర్లలో మా వాళ్ళ పేరుంది. తన నోటితో చదవాలని ఆవిడ ఆశ."

ఆ గడి అమెరికా ఆదివాసులదని, తనది కాదని పర్సిస్‌కి అప్పుడర్థమైంది. బెల్లు మోగగానే బ్యాగు సర్దుకుని బయటపడింది.

ఇంట్లో చెబితే తండ్రి సుందర్ రాజ్ పడీపడీ నవ్వాడు. "మనమూ ఇండియన్సే కదే!" అని, అంతలోనే గొంతు తగ్గించాడు. "ఇప్పుడేం చెప్పకమ్మా. ఫామ్ తప్పు ఫిల్ చేశామంటే రేపు వీసా ఎక్స్‌టెన్షన్‌కి ఏం మెలిక పెడతారో. సైలెంట్‌గా వెళ్ళొచ్చెయ్."

మర్నాడు లంచ్‌లో లేసీ తన శాండ్‌విచ్ సగం తుంచి ఇచ్చింది. "మీది ఏ తెగ?"

"గోదావరి," అంది పర్సిస్.

"ఎప్పుడూ వినలేదే. ఎక్కడుంటారు?"

"నది పక్కన."

ఆ రాత్రి "రేపు చెప్తాను" అని డైరీలో రాసుకుంది. బుధవారమూ అదే రాసింది, గురువారమూ అదే.

శుక్రవారం ఉదయం లాకర్ల దగ్గర లేసీని ఆపి, తలెత్తకుండా అంతా చెప్పేసింది.

లేసీ ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వాగిపోయింది. "మా చోట్లో ఇంకొకళ్ళొచ్చి కూర్చోవడం మాకేం కొత్త కాదులే," అని విసురుగా మిస్ హార్లన్ గదికి నడిచింది. పర్సిస్ వెనకే పరిగెత్తింది.

టీచర్ విని నిట్టూర్చింది. "వచ్చేవాళ్ళ పేర్ల లిస్టు బుధవారమే పంపేశాం. కొత్త పేరు చేర్చనివ్వరు. నువ్వు రాకపోతే ఆ సీటు ఖాళీగానే వెళ్తుంది."

"సోమవారం చెప్పుంటే?" అడిగింది లేసీ.

"సోమవారమైతే కుదిరేది."

గది బయటికొచ్చాక లేసీ ఫోన్ తీసి ఒక నంబరు నొక్కింది. అది మోగుతుండగానే పర్సిస్ చేతిలో పెట్టింది.

"మా అమ్మమ్మ. నువ్వే చెప్పు."

"హలో, లేసీ! ఏమైనా చోటు దొరికిందా?" అంది అవతల ముసలి గొంతు ఆశగా.

"కాదండీ, నేను పర్సిస్‌ని," అంది ఆమె. "మీ చోటు తీసుకున్నది నేనేనండీ."